పిన్ని విన్న దోమ

సర్వరు పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను. సర్వరు పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో అదే మాట మళ్లీ మళ్లీ పడుతోంది, పడిన ప్రతిసారీ పాత మాట ఒక మెట్టు పైకి జరుగుతోంది, నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తున్నాను. చేయగలిగిందేమీ లేనప్పుడు ఎంత బుద్ధిగా కూర్చుంటామో. రికార్డింగు గది గోడల నిండా మెత్తటి బూడిదరంగు దిళ్లు, పైకప్పుకీ దిళ్లే, తలుపు లోపలివైపు కూడా దిండే, ఇక్కడ దగ్గితే దగ్గు నోటి ముందే ఆగిపోతుంది. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి దాచే గ్రంథాలయం ఇది. చదివేవాళ్లు ఈ కుర్చీలో కూర్చుని చదువుతారు, వాళ్ల గొంతు ఈ కంప్యూటరులో పోగవుతుంది, చివర ఆపు అని నొక్కగానే మూట కట్టుకుని తీగ వెంట అవతలి భవనంలోని సర్వరుకి వెళ్లి అక్కడ ఫైలుగా భద్రపడుతుంది. ఇక్కడ ఏదీ మిగలదు. ఈ కంప్యూటరుకి సొంత అలమర లేదు, తన సరుకంతా దూరంగా ఇంకొకరి గదిలో పెట్టుకుని, అది తన ఇల్లే అనుకుని బతుకుతుంది. ఈ యంత్రాలన్నీ చూసుకునే ఉద్యోగం నాది. ఇప్పుడు ఒక మూట దారిలో నిలిచిపోయింది. అందులో ఉన్నది మా పిన్ని గొంతు, ఇందాకే చదివి ముగించిన నవల చివరి అధ్యాయం. రేపు పొద్దున పిన్నికి ఆపరేషను, గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత పిన్ని ఉంటుంది, పిన్ని గొంతు ఉండదు. ఈ మూట చేరకపోతే ఆ అధ్యాయాన్ని మళ్లీ చదవడానికి ఎవరూ ఉండరు.

ఈ జబ్బు ఈ కంప్యూటరుకి కొత్త కాదు. పనిచేస్తున్నంతసేపూ బంగారం, ఆపబోతేనే గొడవ. షట్‌డౌన్ అన్నాక యంత్రం అందరి దగ్గరా ఒక వరసలో సెలవు తీసుకోవాలి. తెరిచిన ఫైళ్లు మూయాలి, చేతిలో మిగిలింది సర్వరుకి అప్పజెప్పాలి, అందింది అని సర్వరు అన్నాక దాని చెయ్యి వదలాలి, అప్పుడు నెట్‌వర్కు ఆపుకోవాలి, అన్నిటికన్నా ఆఖరున కరెంటు. ఈ వరస తప్పి నెట్‌వర్కు ముందే పోయిందా, యంత్రం మూట పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడి పిలుస్తూ ఉంటుంది, పిలిచి పిలిచి ఉన్నపళంగా కుప్పకూలుతుంది. కొన్ని రోజులు చక్కగా ఆగుతుంది, కొన్ని రోజులు కూలుతుంది, ఆ రోజులకీ ఈ రోజులకీ తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. నేను వచ్చి నా చేత్తో ఆపితే మాత్రం ఒక్కసారైనా కూలదు. చుట్టాల ముందు మంచి పేరు కొట్టేసే పిల్లలాగా నా ముందు ఒద్దికగా కళ్లు మూసుకుంటుంది. రికార్డిస్టు ఆపినప్పుడే పడిపోతుంది. మీ హస్తవాసి అలాంటిదండీ అని ఆయన్ని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు, నవ్వు మైకులో పడుతుందని ఆయన ఎప్పుడో నవ్వడం మానేశారు. వరండాలో ఎవరు చెప్పులు ఈడ్చినా వేలు పెదవుల మీద పెట్టి ష్ అంటారు గనక అందరం ఆయన్ని ష్ గారు అంటాం, ఆయన వెనకాలే అయినా మర్యాదగానే అంటాం.

నా లెక్క నాకుంది. తప్పు యంత్రం లోపలే ఉంది, ఎక్కడో రెండు పనులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఒక్కోరోజు నెట్‌వర్కు ముందు గెలుస్తోంది, అంతే. వరస మార్చి చూశాను, పాత తీరు తీసేసి కొత్తది పెట్టి చూశాను, కొత్తది నచ్చక పాతది తెచ్చాను, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మొన్న విసిగి, ఇంతసేపు చూసి పడిపో అనే గడువు ఉంటుంది కదా, దాన్నే తీసేశాను. ఇకమీదట పడిపోవద్దు, ఎంతసేపైనా సరే, పిలుస్తూనే ఉండు. ష్ గారికి కూడా చెప్పాను, తెర ఇలా నిలిచిపోతే బటన్ మాత్రం నొక్కకండి, నన్ను పిలవండి అని. అందుకే పిలిచారు. అవతలి భవనం నుంచి ఇద్దరం పరుగులాంటి నడకతో వస్తుంటే దారిలోనే చెప్పారు, "అమ్మగారు చదవడం అయింది, ఆసుపత్రి బండి అతను తలుపు బయటే నిలబడ్డాడు, అతన్ని కింద కూర్చోబెట్టి వచ్చాను, రాగానే ఆపు నొక్కాను, షట్‌డౌన్ నొక్కాను, ఎప్పటిలాగే చేశాను, ఏమీ కొత్తగా చెయ్యలేదమ్మా" అని. వచ్చి చూశాను. సర్వరు నిక్షేపంగా ఉంది, మిగతా గదులన్నీ దానితో మాట్లాడుతున్నాయి, గోడ దగ్గర తీగ బిగువుగానే ఉంది. యంత్రం వెనక చూద్దామంటే దాని ఫ్యాను చప్పుడు వినిపించకూడదని దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ దూది కుక్కి, మరలు బిగించేశారు. కాబట్టి నా లెక్కే నిజం. లోపల నెట్‌వర్కు ముందే సెలవు తీసుకుని వెళ్లిపోయింది, ఇది ఇంకా పిలుస్తోంది. అలా అయితే అది ఎంతసేపు పిలిచినా ఒకటే, నేను గడువు తీసేసి చేసిన గొప్ప పని ఏమిటంటే, పోయేదాన్ని కాస్త నెమ్మదిగా పోయేలా చేశాను. అంతేనా అంటే అంతే.

పైగా కరెంటు తీస్తారు. ఈ భవనంలో పాత వైర్ల నుంచి మాడిన వాసన వస్తోందని సాయంత్రం నుంచి మొత్తం ఆపేస్తామని ముందే చెప్పారు. బల్ల కింద బ్యాటరీ ఉంది గానీ దాని వయసు నాకు తెలుసు, గ్లాసుడు టీ తాగేలోపు కళ్లు తేలేస్తుంది. ఎలక్ట్రీషియను ఇందాకే తలుపులో తల పెట్టి చూశాడు. కాసేపు ఆగన్నా, ఒక్క ఫైలు అన్నాను. అతను నా మొహం చూసి తర్వాత తెర చూసి, "కింది అంతస్తు బోర్డులు విప్పుకుని వస్తాను మేడమ్, ఆలోపు కానివ్వండి, ఆ తర్వాత నా చేతిలో కూడా లేదు" అని వెళ్లాడు. కింద అతని సుత్తి చప్పుడు ఈ గదిలోకి రాదు, నేలలోంచి పాదాలకి మాత్రం తెలుస్తోంది.

సర్వరు పలకడం లేదు. పిన్ని రైల్వే స్టేషనులో ప్రకటనలు చదివేది. అద్దాల గది, మైకు, ఫ్లాస్కులో వేడినీళ్లు, ఏ బండి ఎటు వస్తోందో, ఏది ఆలస్యమో. ఊళ్లో సగం మంది పిన్ని మాట విని పరుగెత్తారు, మిగతా సగం పిన్ని మాట విని పెట్టెల మీద కూలబడ్డారు, ఎవరికీ పిన్ని ముఖం తెలియదు. కూరల కొట్టు దగ్గర పిన్ని బేరం చేస్తుంటే వెనకాయన ఉలిక్కిపడి సంచీ భుజాన వేసుకోవడం నేను కళ్లారా చూశాను, పాపం ఎటు పరుగెత్తాలో తెలియక మళ్లీ దించుకున్నాడు. స్టేషను మెట్ల కింద నిలబడి పిన్ని దిగి వచ్చేదాకా పిన్ని గొంతు వింటూ ఉండేదాన్ని. తల మీద నుంచి, గోడల నుంచి, ఇనప దూలాల నుంచి వచ్చేది. మనిషి లోపలెక్కడో ఉంది, గొంతు మాత్రం అన్నిచోట్లా ఉంది, అంత పెద్ద గొంతులోంచి చివరికి ఇంత చిన్న మనిషి ఫ్లాస్కు ఊపుకుంటూ దిగి వచ్చేది. ఆలస్యానికి చింతిస్తున్నాము అని రోజంతా ఊరందరికీ చెప్పేది గానీ ఇంట్లో దేనికీ చింతించేది కాదు. పాలు పొంగినా చింత లేదు, ఇంటివాళ్లు అద్దె కోసం వాకిట్లో నిలబడినా చింత లేదు. గొంతు బొంగురుపోయి డాక్టరు లోపల అద్దం పెట్టి చూసి ఆపరేషను మాట చెప్పిన రోజున కూడా బయటికి వచ్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ, నవలలో ఇంకెన్ని అధ్యాయాలున్నాయో చూడవే అంది.

అమ్మ నర్సు, రాత్రి డ్యూటీలు చేసేది. తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు మావి. పొద్దున్నే అమ్మ వచ్చి గుడ్డ తెర లాక్కుని పడుకునేది, ఆ నిద్ర మా ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు, దాన్ని పగలగొట్టకూడదు. గిన్నెలు బట్టలో పెట్టి తోమేవాళ్లం, నా జడ కూడా చప్పుడు చేస్తుందేమో అన్నట్టు వేసేది పిన్ని. ఊరంతా వినే గొంతు ఇంట్లో గుసగుసగా ఉండేది. ఆ గుసగుసలోనే కోప్పడేది, దానిలోనే కథలు చెప్పేది, దానిలోనే నాకు లెక్కలు రాలేదని తల పట్టుకునేది. ఇంత సన్నటి గొంతుతో తిడితే భయం ఎక్కువ వేస్తుందని అప్పుడే తెలిసింది నాకు. స్టేషనులో గొంతు అందరిదీ, అది పోయినా ఊరివాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఇంట్లో గొంతు ఎక్కడా లేదు. ఎవరమూ ఏ యంత్రంలోనూ పెట్టుకోలేదు. రోజూ ఉండేదాన్ని ఎవరు దాచుకుంటారు.

ఇంతకుముందు కూలిన అధ్యాయాలు ఉన్నాయి, పిన్నివే. ప్రతిసారీ తల వంచుకుని వెళ్లి పోయింది పిన్నీ అంటే, పోతే పోనీలేవే, మళ్లీ చదువుతా, ఈసారి నవల్లో ఆ ముసలాడి మాటలు ఇంకాస్త వెటకారంగా పలుకుతా అనేది. మళ్లీ చదివేది, కానీ అదే చదువు కాదు. మొదటిసారి వణికిన చోట రెండోసారి నవ్వేది, రెండోదే బాగుందని అందరూ అనేవాళ్లు, మొదటిదాన్ని విన్నది ష్ గారూ పిన్నీ మాత్రమే కాబట్టి ఎవరూ పోల్చలేరు. కూలిపోయినప్పుడల్లా నేను సమస్య అనుకున్నాను, ఇది ఎందుకు కూలుతోంది అనుకున్నాను, ఏం పోయింది అని ఎప్పుడూ అనుకోలేదు. ఇవాళ అనుకుంటున్నాను. నాకు పిన్ని బతకాలని ఉంది. గొంతు కూడా ఉండాలని ఉంది. రెండోది పైకి అనడానికి సిగ్గుగా ఉంది, అమ్మ ముందైతే నోరు కూడా తెరవలేను. ప్రాణం కన్నా ముందు ఇంకోటి అడిగితే నర్సులకి ఒళ్లు మండుతుంది.

ఫోను అదిరింది, అమ్మే. "ఎక్కడ చచ్చారే మీరిద్దరూ? ఇక్కడ మంచం ఇంకెవరికో ఇచ్చేస్తామంటున్నారు. దుప్పటి పరిచి దాని మీద నేనే ఎక్కి కూర్చున్నాను." ఒక్క ఫైలమ్మా, చివరి అధ్యాయం, వెళ్లడం లేదు అన్నాను. అవతల కాసేపు ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం. "గొంతు సంగతి తర్వాత. ముందు మనిషిని తీసుకురా" అంది అమ్మ, అని పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. అమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది, "సరే, ఎంతసేపు పడుతుంది" అంది. తెలియదన్నాను. తెలియదు అనే మాట నా ఉద్యోగంలో నేను చాలా తక్కువగా వాడతాను, ఎవరో ఒకరు నమ్మేస్తారని భయం.

పిన్నిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను, మెడకి మఫ్లరు చుట్టి, ఇక ఒక్క ముక్క మాట్లాడకు అని ఒట్టు వేయించుకుని. మొదట ఒకసారి తలుపు సందులోంచి పెదవులతో అడిగింది, అంతా ఉందా, ఆఖరుదాకా ఉందా అని. ఉంది పిన్నీ అని అబద్ధం ఆడాను. ఇప్పుడు లోపలికే వచ్చేసింది. తన కుర్చీలో కూర్చుంది, మైకు ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని, చదవబోయే ముందు ఎలా కూర్చుంటుందో అలాగే. తెర వెలుగు పిన్ని బుగ్గ మీద పడుతోంది. ముగ్గురం అలా ఉండిపోయాం, నేనూ పిన్నీ, తలుపు దగ్గర నేరస్థుడిలా నిలబడ్డ ష్ గారూ. ఈ గదిలో చప్పుడు లేకపోవడం మామూలుగా లేకపోవడం కాదు, చెవుల మీద ఎవరో అరచేతులు మూసినట్టు ఉంటుంది, కాసేపటికి మన రక్తం మనకి వినిపిస్తుంది. నిద్ర కాని నిద్రలాంటిది వస్తుంది. రైళ్లు గుర్తొస్తాయి, తెర వెనక అమ్మ ఊపిరి గుర్తొస్తుంది, అది ఏ ఏడో ఏ గదో తెలియదు. సర్వరు పలకడం లేదు, ఇంకా, ఇంకా. పిన్ని తల ఒక పక్కకి వంచింది. గాలిలో దేన్నో వెతుకుతున్నట్టు కళ్లు చిట్లించి, ఒట్టు సంగతి మర్చిపోయి, గొంతు లేని ఊపిరితో అంది.

"దోమ లేదేమే ఇవాళ?"

నవ్వొచ్చింది, ఏడుపు కూడా దాంతోపాటే వచ్చింది. ఈ దోమ ఇక్కడ అందరికీ తెలిసిన దోమ. చదవడానికి కూర్చున్న మొదటిరోజు నుంచి పిన్ని ఫిర్యాదు ఒకటే, గదిలో దోమ ఉంది, సన్నగా ఈల వేస్తోంది. తలుపులు మూసి వెతికాం. మందు కొట్టాం. నాకు వినిపించలేదు, ఎవరికీ వినిపించలేదు, ష్ గారినే అడిగితే ఆయన చెవులు రిక్కించి, లేదమ్మగారూ, అంతా మీ భ్రమ అన్నారు. ఈ ఊళ్లో అందరికన్నా మంచి చెవులున్న మనిషే దోమ లేదని చెప్పాక ఇంకేముంది, అది పిన్ని దోమ అయిపోయింది. ఇవాళ మీ దోమకి ఒంట్లో ఎలా ఉందండీ అని తోటి పాఠకులు పలకరించేవాళ్లు. అప్పుడే చచ్చినట్టుంది పిన్నీ, నీతోపాటు దానికీ సెలవు అనబోయాను, నోరు తెరిచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున నేను ఈ గదిలోకి వచ్చినప్పుడు పిన్ని ఎదురుగా కుర్చీలో కూర్చుని నోటి ముందు చెయ్యి ఆడించి, దోమ వచ్చేసిందే అని నవ్వింది. చదువుతున్నప్పుడు ఉంది. ఇప్పుడు లేదు. భ్రమ అయితే వేళ చూసుకుని పోతుందా. ఏదో ఒకటి పొద్దున ఈల వేసింది, ఇప్పుడు మానేసింది. పొద్దున పనిచేసి ఇప్పుడు చేయనిది ఈ గదిలో నాకు తెలిసి ఒకటే ఉంది.

"ష్ గారూ," అన్నాను, ఆ పేరుతో ఆయన ముందే పిలిచేశానని కూడా చూసుకోకుండా, "నిజం చెప్పండి. ఆ దోమ మీకూ వినిపిస్తుంది కదూ?"

ఆయన ముందు నన్ను చూశారు. పిన్నిని చూశారు, గోడ దిళ్లను చూశారు, దొరికిపోయినవాళ్లు చూసే చోట్లన్నీ చూశారు. "వినిపిస్తుందమ్మా" అన్నారు చివరికి. "నా గదిలో చప్పుడుందని నేనే ఒప్పుకుంటే ఇంక నేనెందుకు?" దోమ కాదు, డబ్బా. గోడలోంచి వచ్చే తీగ ఒక్కటే, తన రెండో యంత్రానికి కూడా కావాలి, నన్నడిగితే కాగితాలు రాయమంటానని తనే బజారులో ఒక నెట్‌వర్కు డబ్బా కొనుక్కొచ్చి మధ్యలో పెట్టారట. దాని అడాప్టరు సన్నగా ఈల వేసింది. బొంతలో చుట్టి బల్ల వెనక దాచారట. చుట్టినా వేసింది, ఇంకో బొంత చుట్టారు. దాని ప్లగ్గు ఎక్కడ పెట్టారండీ అన్నాను, అడుగుతుండగానే నా చూపు తలుపు మీదికి వెళ్లింది. తలుపు బయట ఎర్రదీపం ఉంటుంది, లోపల చదువుతున్నారు, చప్పుడు చేయకండి అని. ఆ దీపం ప్లగ్గు, ఈ డబ్బా ప్లగ్గు ఒకే బోర్డులో, ఒకే స్విచ్చి కింద. బయట ఎవరైనా ఎదురుచూస్తుంటే, చదవడం ముగియగానే ఆయన మొదట చేసే పని దీపం ఆర్పడం. నిలబడ్డవాళ్లని అనవసరంగా నిలబెట్టడం ఆయనకి ప్రాణసంకటం. ఆ తర్వాతే ఆపు, ఆ తర్వాతే షట్‌డౌన్. ఎవరూ ఎదురుచూడని రోజున దీపం అలా వెలుగుతూనే ఉంటుంది, యంత్రం చక్కగా ఆగుతుంది. నేను వచ్చి పరీక్ష చేసినప్పుడు బయట ఎవరుంటారు, దీపం గొడవ నాకెందుకు, నేనెప్పుడూ ఆర్పలేదు. నా హస్తవాసి బండారం అది. ఇన్నాళ్లూ యంత్రం లోపల వరస తప్పిందని దాని పేగులన్నీ లాగి చూసుకున్నాను, అదేమో పాపం తన వరసలో తను సక్రమంగానే ఉంది, తలుపు బయట ఒక మనిషి నిలబడ్డాడన్న మర్యాద దాని దారి కోసేస్తోంది. ఇవాళ నిలబడ్డవాడు ఆసుపత్రి బండి అతను.

అంటే లోపల నెట్‌వర్కు పోలేదు. దాని చెయ్యి అది చాచే ఉంచింది, పట్టుకునే దారే లేదు. స్విచ్చి వేయండి అన్నాను, మాట పూర్తికాకముందే ఆయన వేశారు. తలుపు బయట ఎర్రగా వెలిగి ఉంటుంది, మాకు కనిపించదు. పిన్ని కళ్లు మూసుకుంది, వేలెత్తింది, వచ్చింది అన్నట్టు. నాకు ఏమీ వినిపించలేదు, పిన్ని వేలునే చూస్తున్నాను. తెర మీద పాత మాట ఇంకోసారి పడింది. ఇంకోసారి. నేను గనక ఆ గడువు తీసేయకుండా ఉండి ఉంటే ఈపాటికి అంతా ముగిసేదని ఎవరో లోపల నెమ్మదిగా చెబుతున్నారు, ఆ ఒక్క మంచి పనైనా దక్కనీ అనుకుంటున్నాను. తర్వాత పడిన మాట వేరేది. సర్వరు పలికింది. అంతే, ఇంకేమీ లేదు, గంటలు మోగలేదు. వరసలు గబగబా పైకి పాకాయి, మూట కదిలింది, అందింది, చెయ్యి వదిలింది, సెలవు సెలవు అనుకుంటూ ఒక్కొక్కటీ కళ్లు మూసుకున్నాయి, తెర పూర్తిగా నల్లబడింది. ష్ గారి చేతిలో ఇంత చక్కగా ఆగడం నేను చూడటం ఇదే మొదలు. ఎలక్ట్రీషియను తలుపు తోసి అయిందా మేడమ్ అన్నాడు. అయిందన్నా, తీసెయ్ అన్నాను, అని కుర్చీలో కూలబడి ఏడ్చాను. పిన్ని నా వీపు మీద తట్టింది, రెండు తట్లు, ఇక చాలు లెమ్మన్నట్టు.

మెట్లు దిగేటప్పుడు పిన్ని బరువంతా నా చేతి మీదే ఉంది, బరువు ఎంతని. బయట ఎండ పసుపచ్చగా వాలి ఉంది, రోడ్డు మీద ఎవరో కారు తుడుచుకుంటున్నారు. నేనూ ఆసుపత్రి బండి ఎక్కబోతే పిన్ని నా భుజం పట్టి ఆపింది. వెళ్లు అన్నట్టు అవతలి భవనం వైపు చూపించింది, చెవి ముట్టుకుంది. తర్వాత వస్తా పిన్నీ, ఫైలు ఎక్కడికీ పోదు అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇప్పుడే. పెదవులు నా చెవికి ఆనించి, ఊపిరితోనే, "విని రా. ఆఖరుదాకా విను" అంది. బండి అతను తలుపు వేశాడు. అద్దంలోంచి పిన్ని నన్ను చూడలేదు, ముందుకే చూస్తూ కూర్చుంది.

నా గదిలో కరెంటు ఉంది, ఫ్యాను ఉంది, మామూలు లోకపు చప్పుళ్లన్నీ ఉన్నాయి. ఫైలు తెరిచాను, హెడ్‌ఫోను పెట్టుకున్నాను. ష్ గారు పక్కన కుర్చీ లాక్కుని తెర మీద గొంతు గీతలు చూస్తున్నారు. అధ్యాయం ఉంది. మొదటి మాట నుంచి ఉంది. అక్కడక్కడా పిన్ని ఆగి నీళ్లు తాగింది, ఒక చోట గొంతు చిరిగింది, చిరిగిన చోటే ముసలాడి వెటకారం ఎంత బాగా కుదిరిందో. ఎంతసేపు విన్నానో, ముగిసింది. కుర్చీ కిర్రుమంది, స్విచ్చి టక్కుమంది, అప్పటిదాకా నేను గమనించని సన్నటిదేదో ఆగిపోయింది, ష్ గారి అడుగులు దూరమయ్యాయి, తలుపు మూసుకుంది. "చివర తోక మిగిలిపోయిందమ్మా, నేను ఆపడం ఆలస్యమైంది, కత్తిరించేస్తాను" అన్నారు ఆయన. ఉండండి అన్నాను. తెర మీద గీత చాలాసేపు చదునుగా సాగింది, ఊపిరి, మళ్లీ ఊపిరి. దగ్గింది. "అమ్మలూ" అంది. ఊరికే, ఎలా పలుకుతుందో చూసుకుంటున్నట్టు. కాసేపాగి, వీధి చివరికి వినిపించేలా, "అమ్మలూ, ఎక్కడున్నావే!" తర్వాత కోపంగా, "ఒసేయ్, నీకే చెప్పేది." వేడినీళ్లు గుటక వేసిన చప్పుడు. ఒకటి సరిగా రాలేదని మళ్లీ పిలిచింది, ఈసారి నచ్చిందేమో చిన్నగా నవ్వింది. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించింది, తెర అవతల ఎవరో పడుకుని ఉన్నంతగా తగ్గించింది, మైకుకి ఎంత దగ్గరగా వచ్చిందో ఊపిరి నా చెవికి వేడిగా తగిలిందనిపించింది.

"లే అమ్మలూ. తెల్లారిపోయింది, లే."

ష్ గారు నా వైపు తిరిగి చూశారు. నేను పైకే మాట్లాడానని అప్పుడు తెలిసింది.

"ఇంకాసేపు, పిన్నీ," అన్నాను.